వ్యాన్ వచ్చింది, తర్వాత ఎక్కడికి?

వ్యాఖ్యాత: నమస్కారం. మానసిక సంక్షోభంలో ఉన్నవారి దగ్గరికి పోలీసులకు బదులు శిక్షణ పొందిన బృందం వెళ్లాలని, ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలని చాలామంది కోరుతున్నారు. మీరు మాత్రం పేదలకు అందే అద్దె ఇళ్లను కూడా అదే పద్దులో చేర్చాలంటున్నారు. ఈ రెండింటికీ సంబంధం ఏమిటండీ?

అతిథి: నమస్కారమండీ. రాత్రి రెండు గంటలకు ఒక బృందానికి ఫోన్ వచ్చిందనుకుందాం. మూసి ఉన్న దుకాణం మెట్ల మీద ఒకాయన కేకలు వేస్తున్నారు. బృందంలో ఒకరు ఆయనకు కాస్త ఎడంగా నేలమీదే కూర్చుని, పేరు అడిగి, మంచినీళ్లు ఇచ్చి, గంటసేపు ఓపికగా మాట్లాడితే ఆయన కుదుటపడతారు. అప్పుడు, "సరే, ఇప్పుడు నేనెక్కడికి పోవాలి?" అంటారు. దానికి జవాబు లేకపోతే వ్యాన్ వెనక్కి వెళ్తుంది, ఆయన ఆ మెట్ల మీదే ఉంటారు, నాలుగు రోజులకు మళ్లీ అదే ఫోన్ వస్తుంది.

వ్యాఖ్యాత: ఆసుపత్రిలో చేర్చవచ్చు కదా?

అతిథి: అవసరమైతే చేర్చాల్సిందే. కానీ అక్కడి నుంచి మందుల చీటీతో బయటికి వచ్చాక ఏమవుతుందో చూడండి. ఈ మాత్రల్లో చాలావాటికి నిద్ర ముంచుకొస్తుంది. ఫుట్‌పాత్ మీద పడుకునేవారు సంచీని, ఒంటిని కాపాడుకోవడానికి రాత్రంతా మెలకువగా ఉండాలి కాబట్టి మాత్ర వేసుకోరు. మనమేమో 'చికిత్సకు సహకరించడం లేదు' అని కాగితం మీద రాసేస్తాం. నన్నడిగితే ఆ మాట అన్యాయం.

వ్యాఖ్యాత: ఇలాంటి బృందాలు ఎక్కడైనా నిలదొక్కుకున్నాయా?

అతిథి: అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, యూజీన్ నగరంలో 1989లో 'కాహూట్స్' అనే సేవ మొదలైంది. ఒక వైద్య సహాయకులు, ఒక సంక్షోభ కార్యకర్త ఆయుధం లేకుండా వ్యాన్‌లో వెళ్లేవారు. ఎన్నో నగరాలు దాన్ని చూసి నేర్చుకున్నాయి. అంత పేరున్న సేవ కూడా నిధుల చిక్కులతో 2025 ఏప్రిల్‌లో ఆ నగరంలో ఆగిపోయింది. మంటలు లేని నెలలో అగ్నిమాపక సిబ్బంది జీతాలు ఆపం కదా! ఈ బృందాలకు మాత్రం ఏటా చేయి చాచక తప్పని పరిస్థితి.

వ్యాఖ్యాత: ఇళ్ల విషయంలో ఆధారం ఉందా? ముందు కోలుకోవాలి, తర్వాతే ఇల్లు అనేవారూ ఉన్నారు.

అతిథి: ఆ వరసను తిరగేసిన పద్ధతినే 'హౌసింగ్ ఫస్ట్' అంటారు. 1992లో న్యూయార్క్‌లో మొదలైంది. మద్యానికి, మాదకద్రవ్యాలకు దూరమైతేనే తాళం చెవి ఇస్తామనే షరతు అందులో లేదు. కెనడా 2009 నుంచి 2013 వరకు ఐదు నగరాల్లో, సుమారు 2,000 మందితో దీన్ని పరీక్షించింది. ఇల్లు, దానితోపాటు తోడ్పాటు అందినవారు మామూలు సేవలు పొందినవారికంటే చాలా ఎక్కువ కాలం స్థిరంగా ఒకచోట ఉండగలిగారు.

వ్యాఖ్యాత: ప్రభుత్వానికి డబ్బు కూడా మిగులుతుందంటారు.

అతిథి: ఇక్కడ కాస్త జాగ్రత్తగా మాట్లాడాలండీ. ఆ అధ్యయనంలో, అప్పటికే సేవల ఖర్చు అందరికంటే ఎక్కువగా ఉన్న 10 శాతం మంది విషయంలో, పెట్టిన ప్రతి 10 డాలర్లకు 21 డాలర్లకు పైగా ఇతర ఖర్చు తగ్గింది. మిగతావారిలో అంత మిగులు లేదు. కాబట్టి ఆదా అవుతుందన్న ఒక్క మాట మీదే మన వాదనను నిలబెడితే, అది ఏదో ఒక లెక్క దగ్గర కూలిపోతుంది. రోడ్ల వల్ల లాభమెంత వచ్చిందని అడగకుండానే వేస్తున్నాం కదా.

వ్యాఖ్యాత: అయితే బడ్జెట్‌లో ఏం అడగాలి?

అతిథి: రాత్రీ పగలూ పనిచేసే బృందానికి శాశ్వత కేటాయింపు, అద్దెకు సాయం, రెండూ ఒకే చోట ఉండాలి. ఇంకొకటి అందరూ మరిచిపోతారు. ఏళ్ల తరబడి బయట పడుకున్నవారు కొత్త ఇంట్లో మంచం ఉన్నా, మొదటి వారం చెప్పులు విప్పకుండా తలుపు పక్కన నేలమీదే పడుకోవచ్చు. అందుకని అద్దెతోపాటు, వారానికి రెండుసార్లు వచ్చి ఆ తలుపు తట్టే మనిషి జీతం కూడా అందులోనే రాయాలండీ.