నిప్పు శంఖం

అందరికీ నమస్కారం.

దండెత్తి వచ్చిన స్పానిష్‌వాళ్ల ఫిరంగి మోత వినగానే, అప్పట్లో మెక్సికోను ఏలుతున్న అజ్టెక్‌లు అదేదో దేవుడి మాయ అనుకున్నారని చాలాచోట్ల చదువుతుంటాం. నాకైతే అది పూర్తిగా నమ్మబుద్ధి కాదు. వాళ్ల భాష నవాత్ల్‌లో తుపాకికి పెట్టిన పేరు చూడండి.

త్లెకికిస్త్లి. త్లెత్ల్ అంటే నిప్పు, కికిస్త్లి అంటే గుళ్లో ఊదే శంఖం. అంటే నిప్పు శంఖం. పిడుగనలేదు, దెయ్యమనలేదు. గుండెలదిరేలా మోగే బోలు వస్తువు వాళ్లకు ముందే ఉంది, దానికి నిప్పు చేర్చారంతే. తుపాకి మందుకేమో త్లెకికిస్త్లాల్లి, నిప్పు శంఖం మట్టి. నవ్వకండి, జ్వరానికి మింగేదాన్నీ తుపాకిలో కూరేదాన్నీ మనం మందనే అంటాం! పైగా తుపాకి, ఫిరంగి రెండూ మనకు అరువు మాటలే. వాళ్లు మాత్రం మొదట్లో ఇంటి మాటలతోనే నెట్టుకొచ్చారు. గుర్రాన్ని కూడా ముందు జింక అన్నారు, స్పానిష్ మాట తర్వాత వచ్చింది.

నిప్పు గురించి వాళ్లకు ఒకరు చెప్పాలా? కణకణలాడే నిప్పుకణికను నిప్పు పువ్వు అన్నవాళ్లు. 52 ఏళ్లకోసారి పొయ్యిలన్నీ ఆర్పేసి, కొండ మీద కర్ర మథించి కొత్త నిప్పు పుట్టించేవారు. చివరిసారి 1507లో. మరో పన్నెండేళ్లకు, 1519లో స్పానిష్ సేనాని కోర్తెస్ అక్కడ దిగాడు.

సహగూన్ అనే స్పానిష్ క్రైస్తవ సన్యాసి స్థానికులతో నవాత్ల్‌లో రాయించిన ఫ్లోరెంటైన్ కోడెక్స్ అనే గ్రంథంలో, పన్నెండో భాగమంతా కోర్తెస్ అజ్టెక్‌లతో చేసిన యుద్ధమే. స్పానిష్ ఓడ మీద ఫిరంగి పేలితే అజ్టెక్ రాజు మోక్తెసూమా పంపిన దూతలు మూర్ఛపోయారని అందులో ఉంది. అది ఓటమి తర్వాత కొన్ని దశాబ్దాలకు రాయించిన మాట, ఆ సంగతి మరవొద్దు. అయినా ఆ దూతలు తెచ్చిన కబురు ఎంత నిక్కచ్చిగా ఉందో! దాని కడుపులోంచి గుండు దూసుకొస్తుంది, నిప్పురవ్వలు రాలతాయి, పొగ కుళ్లిన బురద కంపు కొట్టి తలకెక్కుతుంది, చెట్టుకు తగిలితే చెట్టు తునాతునకలవుతుంది. కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు ఇన్ని చూశారా?

1521లో స్పానిష్‌వాళ్లు అజ్టెక్ రాజధానిని ముట్టడించే నాటికి భయం పోలేదు గానీ పాఠం వచ్చేసింది. పడవలు తిన్నగా పోకుండా వంకరటింకరగా నడిపేవారు. ఫిరంగి పేలబోతోందంటే నేలకు అతుక్కుపోయేవారు. ఒకసారి స్పానిష్‌వాళ్లు వదిలి పారిపోయిన ఫిరంగి చేతికి చిక్కింది. పూజలేం చేయలేదు, ఈడ్చుకెళ్లి నీళ్లలో పడేశారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.