నైజీరియన్లకు ప్రయాణమంటే అంత ఇష్టమెందుకు? - స్టూడియో చర్చ, ఉన్నది ఉన్నట్టుగా

(జులై 2025లో జరిగిన చర్చ. ఒకరి మాట మీద ఒకరు మాట్లాడిన చోట్లను కూడా అలాగే ఉంచాం.)

యాంకర్: నమస్కారం. ఈ నెలలోనే అమెరికా నైజీరియా వాళ్లకిచ్చే వీసా పద్ధతి మార్చేసింది. టూరిస్టులైనా, బిజినెస్ పని మీద వెళ్లేవాళ్లయినా, స్టూడెంట్లయినా ఇకమీదట చాలామందికి ఒక్కసారి ప్రవేశం, 3 నెలల గడువు. అంతే. ఇంతకుముందు ఏళ్ల తరబడి చెల్లే వీసాతో ఎన్నిసార్లైనా వెళ్లొచ్చేవాళ్లు. అక్కడ పెద్ద దుమారం రేగింది. అసలు నైజీరియన్లకు ఈ ప్రయాణాల మోజు ఎందుకు? మన తెలుగువాళ్ల అమెరికా పిచ్చిలాంటిదేనా? లాగోస్‌లో 14 ఏళ్లు మందుల వ్యాపారం చేసొచ్చిన సర్ ఉన్నారు, ఆఫ్రికా చరిత్ర చెప్పే ప్రొఫెసర్ గారున్నారు, పశ్చిమాఫ్రికాలో బస్సుల్లో తిరిగొచ్చిన ట్రావెలర్ మేడమ్ ఉన్నారు. ముగ్గురికీ సమానంగా టైమ్ ఇస్తాం. సర్, మీరు మొదలుపెట్టండి.

వ్యాపారి: ముందు ఆ మోజు అన్న మాట తీసెయ్యండి సర్. లాగోస్‌లో ఏ కుర్రాణ్ణి కదిపినా ఒక మాట వినిపిస్తుంది, జపా. అక్కడి యొరూబా భాషలో మాట. తప్పించుకుని పారిపోవడం అని అర్థం. టూర్‌కి పోయేవాడు పారిపోతున్నానని అంటాడా? పొట్ట చేత పట్టుకుని పోతున్నారు. ఇష్టం కాదు, గత్యంతరం లేక.

యాంకర్: అంటే మన దగ్గర కన్సల్టెన్సీల చుట్టూ తిరిగే పిల్లల్లాగే...

వ్యాపారి: చెప్పనివ్వండి. 2023 జూన్‌లో వాళ్ల కరెన్సీ నైరా మారకం రేటును మార్కెట్‌కి వదిలేశారు. అప్పటిదాకా ఒక డాలరుకు 460 నైరాలు. ఏడాది తిరక్కుండానే 1,500. మీ జీతం అలాగే ఉంది, బియ్యం బస్తా ధర రెండింతలు దాటింది, పిల్లాడి ఫీజు పౌండ్లలో కట్టాలి. ఏం చేస్తారు?

ప్రొఫెసర్: సర్ చెప్పింది ఈ పదేళ్ల కథ. కానీ నైజీరియా ప్రజల ప్రయాణం పదేళ్లది కాదు. ఉత్తర నైజీరియాలోని కానో నగరం నుంచి హౌసా జాతి వర్తకులు ఒంటెల బిడారులతో సహారా దాటి పోయేవాళ్లు. తోలు, బట్టలు, కోలా గింజలు. విమానాలు రాకముందు హజ్ యాత్రకు కాలినడకన బయల్దేరి, దారిలో సూడాన్‌లో ఆగి పనులు చేసుకుని, అక్కడే స్థిరపడినవాళ్ల వంశాలు ఇప్పటికీ అక్కడున్నాయి. అది కేవలం...

వ్యాపారి: ఒంటెల కాలం నాటి మాటలు ఇప్పుడెందుకండీ? నా కళ్లముందు...

ప్రొఫెసర్: ఒక్క నిమిషం. 1979లో పశ్చిమాఫ్రికా దేశాలన్నీ ఒప్పందం చేసుకుని 90 రోజులు వీసా లేకుండా తిరగొచ్చన్నాయి. ఎకోవాస్ అనే ఆ దేశాల కూటమి పుట్టిందే లాగోస్‌లో, 1975లో. తిరగడం అక్కడి వాళ్లకు కొత్త కాదు. గీతలు గీసి ఆపడమే కొత్త.

యాంకర్: బాగుంది, బాగుంది. కానీ మేడమ్, చిలుకూరులో వీసా కోసం 11 ప్రదక్షిణలు చేస్తారు మనవాళ్లు. అక్కడ చర్చిల్లో వీసా కోసం ప్రార్థనలు చేస్తారని విన్నాను. ఒకటే కదా?

ట్రావెలర్: చేస్తారు, నిజమే. పాస్‌పోర్టు చేత్తో పైకెత్తి ప్రార్థన చేస్తారు. కానీ నేను చెప్పాలనుకున్నది వేరు. సరదా కోసం, తమ సత్తా చూపడం కోసం తిరిగేవాళ్లూ ఉన్నారు. పెలుమీ నుబీ అనే అమ్మాయి 2024లో ఒక చిన్న పాత ప్యూజో కారులో లండన్ నుంచి లాగోస్‌కు ఒంటరిగా నడుపుకుంటూ వచ్చింది. ఐవరీ కోస్ట్‌లో యాక్సిడెంట్ అయినా ఆగలేదు. ఏప్రిల్‌లో ఊళ్లోకి వస్తే జనం రోడ్డు మీదకొచ్చి స్వాగతం చెప్పారు. 2022లో కున్లే అడెయాంజు అనే ఆయన పోలియో నిర్మూలన కోసం అదే దారిలో మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. వీళ్లకు...

వ్యాపారి: ఇద్దరూ లండన్ నుంచి వచ్చారమ్మా! గమనించారా? లండన్ నుంచి లాగోస్. లాగోస్ నుంచి లండన్ పోయేవాడి సంగతి చెప్పండి. వాడు సహారా దాటాలి. నైజర్ దేశంలో అగదెజ్, ఆ తర్వాత లిబియా. నైజీరియాలోనే ఉన్న బెనిన్ సిటీ నుంచి ఎందరు ఆడపిల్లల్ని ఇటలీకి పంపారో! దేవుడి ముందు ఒట్టు పెట్టించి, అప్పు తీర్చకపోతే చస్తావని భయపెట్టి. 2018లో ఆ ఊరి సంప్రదాయ రాజు స్వయంగా ఆ దళారులకు శాపం పెట్టి, ఆ పాత ఒట్లన్నీ చెల్లవని చెప్పాల్సి వచ్చింది.

ట్రావెలర్: నేను కాదనట్లేదు అన్నా. కానీ ప్రతి నైజీరియన్‌నీ బాధితుడిగానో...

వ్యాపారి: బాధితుడే!

ట్రావెలర్: ...నేరస్థుడిగానో చూడటం మానాలి అంటున్నాను. హైదరాబాద్‌లో టోలిచౌకిలో ఇల్లు అద్దెకడిగిన ఆఫ్రికా స్టూడెంట్‌ని ఓనర్ ఎలా చూస్తాడో నాకు తెలుసు. మన టీవీల్లో నైజీరియన్ అన్న మాట ఎప్పుడు వినిపిస్తుంది? డ్రగ్స్ కేసులో. యూనివర్సిటీలో పీజీ చేస్తున్నప్పుడు వినిపించదు. ఈ స్టూడియోలో కూడా...

యాంకర్: అది వేరే చర్చ మేడమ్, దానికి ఒక ఎపిసోడ్ పెడదాం. నా పాయింట్ ఏంటంటే, మన గుంటూరు, కరీంనగర్...

ట్రావెలర్: పెడదాం అంటారు, పెట్టరు.

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు.)

వ్యాపారి: కరీంనగర్ అన్నారు కాబట్టి చెప్తాను. మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు దుబాయ్ పోయింది ఎడారి చూడ్డానికా? బోరు ఎండిపోయి, అప్పులై పోయారు. అక్కడా అంతే. ఇష్టం కాదు, గత్యంతరం లేక.

యాంకర్: అదే కదా నేను మొదట్నుంచీ అంటున్నది! మనమూ వాళ్లూ ఒకటే.

ప్రొఫెసర్: ఒకటి కాదండీ. మనకు లేని గాయం ఒకటి వాళ్లకుంది. 1967 నుంచి 1970 దాకా బియాఫ్రా యుద్ధం. తూర్పున ఉండే ఇగ్బో జాతివాళ్లు బియాఫ్రా అనే వేరే దేశం కావాలంటే జరిగిన అంతర్యుద్ధం. అది అయ్యాక, బ్యాంకులో ఎంత డబ్బున్నా ఇగ్బో ఖాతాదారుకు ఇచ్చింది 20 పౌండ్లు. ఆ 20 పౌండ్లతో మళ్లీ మొదలుపెట్టారు. కుర్రాడు ఒక వ్యాపారి దగ్గర ఏళ్ల తరబడి జీతం లేకుండా పని నేర్చుకుంటాడు, చివర్లో ఆ యజమానే పెట్టుబడి పెట్టి దుకాణం పెట్టిస్తాడు. అలా లాగోస్‌కి, కానోకి, అక్కణ్ణుంచి చైనాలో గ్వాంగ్‌జౌ దాకా పోయారు. అయినా డిసెంబర్ వచ్చిందంటే లాగోస్ నుంచి తూర్పుకు బస్సులు కిక్కిరిసి పోతాయి. ఒనిచా దగ్గర నైజర్ నది వంతెన మీద గంటల తరబడి ట్రాఫిక్. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే ఎలా ఉంటుందో అలా. ఇగ్బోలో ఒక మాటుంది, సంపద ఇంటికి చేరాలి అని. వెళ్లేది తిరిగి రావడానికే.

యాంకర్: చూశారా, సంక్రాంతి!

వ్యాపారి: ప్రొఫెసర్ గారు బాగా చెప్పారు గానీ నా మాటే అది. యుద్ధం తరిమింది, తర్వాత పేదరికం తరిమింది. 80ల్లో ప్రభుత్వమే టీవీలో ప్రకటన వేసింది. ఆండ్రూ అనే కుర్రాడు కరెంటు లేదు, నీళ్లు లేవు, నేను వెళ్లిపోతున్నా అంటాడు. వెళ్లొద్దని చెప్పడానికి వేశారు. 40 ఏళ్లయింది. నేను లాగోస్‌లో ఇలుపేజులో ఉన్నప్పుడు కూడా కరెంటు లేదు, జనరేటర్ మోతలోనే పడుకునేవాణ్ణి.

ప్రొఫెసర్: అదే దశాబ్దంలో, 1983లో, నైజీరియానే ఘనా వాళ్లను లక్షల్లో వెళ్లగొట్టింది. మూటలు కట్టుకోవడానికి వాళ్లు కొనుక్కున్న గళ్ల ప్లాస్టిక్ సంచిని ఇప్పటికీ అక్కడ ‘ఘనా మస్ట్ గో’ అంటారు. 1969లో ఘనా నైజీరియన్లను వెళ్లగొట్టింది. కాబట్టి వెళ్లగొట్టినవాళ్లూ, వెళ్లగొట్టబడినవాళ్లూ...

యాంకర్: ఆ సంచి మన దగ్గర కూడా ఉంటుంది కదా, ఎర్ర నీలం గళ్లది?

ప్రొఫెసర్: ఉంటుంది. కానీ నేను సంచి గురించి కాదు...

యాంకర్: దుబాయ్ నుంచి వచ్చేవాళ్లు తెచ్చేది. మా పెదనాన్న తెచ్చాడు.

వ్యాపారి: పోలీసుల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2020 అక్టోబర్ 20న లాగోస్‌లో లెక్కీ టోల్ గేట్ దగ్గర, పోలీసుల దౌర్జన్యానికి నిరసనగా జెండా పట్టుకుని పాట పాడుతున్న పిల్లల మీద సైనికులు కాల్పులు జరిపారు. ఆ రాత్రి తర్వాతే మా ఆఫీసులో సగం మంది పాస్‌పోర్టులు తీయించుకున్నారు. నేను సాక్షిని.

ప్రొఫెసర్: సరే, నాదొక ప్రశ్న. ఐదు నుంచి ఏడేళ్లలో సుమారు 16,000 మంది డాక్టర్లు దేశం వదిలారని నైజీరియా ఆరోగ్య మంత్రే చెప్పారు. 20 కోట్లకు పైగా జనాభా. వాళ్ల వెళ్లడం వాళ్ల హక్కు. మరి ఊళ్లో పురిటి నొప్పులతో ఉన్న తల్లికి ఎవరు?

వ్యాపారి: 2023లో పార్లమెంటులో బిల్లు పెట్టారు, ఐదేళ్లు దేశంలో పనిచేస్తేనే డాక్టర్‌కి పూర్తి లైసెన్స్ అని. డాక్టర్లు మండిపడ్డారు. జీతం ఇవ్వరు, మందులివ్వరు, కాళ్లకు సంకెళ్లు వేస్తారా?

ప్రొఫెసర్: నేను సంకెళ్లు వెయ్యమనలేదు. ఆ తల్లికి ఎవరు అని అడిగాను.

వ్యాపారి: ప్రభుత్వాన్ని అడగండి!

యాంకర్: మన పల్లెల్లో కూడా డాక్టర్లు లేరు కదా, అదే పోలిక. టైమ్ అయిపోతోంది. మేడమ్, ఒక్క వాక్యంలో?

ట్రావెలర్: నాకు ఇప్పటిదాకా రెండు నిమిషాలు కూడా రాలేదు. ఒక్క వాక్యంలో ఏం చెప్పను? లాగోస్ నుంచి ఘనా రాజధాని అక్రాకు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఉద్యోగానికీ పోవట్లేదు, పారిపోవడమూ లేదు. స్నేహితురాలి పెళ్లికి పోతోంది. ఆ అమ్మాయి ఈ చర్చలో ఎక్కడుంది?

వ్యాపారి: ఒక్కరిని చూపించి...

ట్రావెలర్: మీరూ ఒక్కరినే చూపిస్తున్నారు కదన్నా.

వ్యాపారి: నా దగ్గర అకౌంటెంట్ ఉండేవాడు. ఒనిచా పక్క పల్లెటూరు. ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీకి డబ్బు కూడబెట్టాడు. నైరా పడిపోయింది. కారు అమ్మాడు, జనరేటర్ అమ్మాడు, ఫ్రిజ్ అమ్మాడు. 2024 జనవరిలో సీటు. అదే జనవరి నుంచి బ్రిటన్ స్టూడెంట్లు భార్యాబిడ్డల్ని తీసుకురాకూడదని రూల్ పెట్టింది, రీసెర్చ్ వాళ్లకు, ప్రభుత్వ స్కాలర్‌షిప్ వాళ్లకు తప్ప. వాడొక్కడే పోయాడు. పాప అప్పటికి 8 నెలలు. ప్రయాణమంటే ఇష్టం అంటున్నారే, వాణ్ణి అడగండి. ఎయిర్‌పోర్ట్‌కి నేనే దింపాను సర్. లోపలికి పోయేముందు...

యాంకర్: సర్, బ్రేక్...

ప్రొఫెసర్: నా ప్రశ్నకు...

వ్యాపారి: ...పాప చెప్పు ఒకటి జేబులో పెట్టుకున్నాడు. ఒకటే. రెండోది ఇంట్లో ఉంచమన్నాడు. ఊళ్లో తల్లికి ఇల్లు కట్టిస్తున్నాడు, గోడలు లేచాయి, పైకప్పు ఇంకా...

(ఇక్కడ మైక్ ఆగిపోయింది.)