జీతం పట్టీలో యజమాని గడి

శ్రోతలకు నమస్కారం. తాడిపత్రి నాపరాళ్ల పాలిష్ యూనిట్లలో జీతాల లెక్కలు రాస్తూ చాలా ఏళ్లు గడిపాను. జీతాల రోజున నా బల్ల దగ్గర వినిపించే ప్రశ్న ఒకటే: "ఈ నెల ఎంత పట్టుకున్నారు సార్?" యజమాని ఎంత కట్టారని అడిగినవారు చాలా అరుదు. ఈ రోజు ఆ రెండో ప్రశ్న గురించి మాట్లాడతాను.

మూల వేతనం, కరువు భత్యం కలిపి నెలకు 12,000 రూపాయలు వచ్చే కార్మికుణ్ణి తీసుకుందాం. భవిష్య నిధి అయిన పీఎఫ్‌కు 12 శాతం, అంటే 1,440 రూపాయలు పట్టుకుంటారు. కార్మికుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్ఐకి ముప్పావు శాతం, 90 రూపాయలు. చేతికి 10,470 వస్తుంది. ఇక యజమాని లెక్క చూడండి. పీఎఫ్‌కు ఆయనా 1,440 కట్టాలి. ఈఎస్ఐకి 3.25 శాతం, 390 రూపాయలు. కార్మికుడు ఉద్యోగంలో ఉండగా చనిపోతే కుటుంబానికి అందే బీమా కోసం మరో 60. మొత్తం 1,890. ఇదంతా జీతానికి పైన కట్టవలసిన డబ్బు. దీన్ని కూలివాడి జీతంలోంచే రాబట్టుకోవడం చట్టవిరుద్ధం.

పీఎఫ్ పాస్‌బుక్‌లో యజమాని వాటా తక్కువగా ఉందని కొందరు కంగారుపడతారు. ఆయన కట్టిన 1,440లో సుమారు 1,000 పింఛను నిధికి వెళుతుంది, మిగతా 440 పీఎఫ్ ఖాతాలో పడుతుంది. ఆ పింఛను 58 ఏళ్ల వయసులో మొదలవుతుంది, దానికి పదేళ్ల సర్వీసు ఉండాలి. మన దగ్గర చాలామంది ఒక యూనిట్ వదిలాక బోరు వేయించడానికో, పెళ్లి ఖర్చుకో పింఛను సొమ్ముతో సహా తీసేసుకుంటారు. అవసరం అలాంటిది, కాదనను. కానీ దాంతో ఆ సర్వీసు రద్దయి లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. యూఏఎన్ అంటే ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు. పాత యూఏఎన్ నంబరునే కొత్త చోట ఇచ్చి ఖాతా బదిలీ చేయించుకుంటే ఏళ్లు కలుస్తాయి.

ఇరవై మంది పనిచేసే సంస్థకు పీఎఫ్, పది మంది ఉంటే ఈఎస్ఐ వర్తిస్తాయి. ఈఎస్ఐకి జీతం 21,000 దాటకూడదు. కాంట్రాక్టరు కింద పనిచేసేవారికీ ఈ హక్కు ఉంది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు ఇది గుర్తుంచుకోవాలి: కాంట్రాక్టరు కట్టకపోతే పని చేయించుకున్న ఫ్యాక్టరీయే కట్టాలి.

జబ్బు చేసి పనికి వెళ్లలేకపోతే ఈఎస్ఐ కింద జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. అయితే అంతకు ముందు ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. పనిలో ప్రమాదం జరిగితే మాత్రం ఈ షరతు లేదు. చేరిన మొదటి రోజే బండ జారి కాలు విరిగినా, కోలుకునేదాకా జీతంలో 90 శాతం రావాలి.

రెండు వాటాలనూ యజమాని మరుసటి నెల 15వ తేదీలోగా జమ చేయాలి. కాబట్టి 20వ తేదీ తర్వాత ఫోనులో పాస్‌బుక్ తెరిచి చూడండి. ఆ నెల గడి ఖాళీగా ఉంటే ఊరుకోకండి. కార్మికుడి దగ్గర పట్టుకుని జమ చేయకపోవడం చట్టం దృష్టిలో నమ్మకద్రోహమనే నేరం.

నేను పనిచేసిన ఒక యూనిట్‌లో పద్నాలుగు నెలలు అదే జరిగింది. నాకు తెలుసు. ఉద్యోగం పోతుందని మాట్లాడలేదు. బండలు మోసే ఒక అక్క మాత్రం జీతం చీటీలన్నీ బియ్యం డబ్బాలో దాచుకుని, వాటిని తీసుకెళ్లి పీఎఫ్ కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చింది. ఆమెకే కాదు, అందరి బకాయిలూ వసూలయ్యాయి. ఆ చీటీల మీద ఉన్నది నా చేతిరాతే.