మూత్రసంచి నిండుగా, పేగు ఖాళీగా: ప్రోస్టేట్ రేడియేషన్‌పై ఫోన్-ఇన్

(రేడియో ఫోన్-ఇన్ కార్యక్రమం. ఫోన్ చేసినవారి పేర్లు తీసేసి ఊర్లు మాత్రం ఉంచాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. ప్రోస్టేట్ కేన్సర్‌కి రేడియేషన్, అదే మన ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారు, దానివల్ల వచ్చే ఇబ్బందుల గురించి మాట్లాడ్డానికి రేడియేషన్ ఆంకాలజిస్టు గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ పాలకొల్లు నుంచి. చెప్పండి.

పాలకొల్లు: నమస్కారమండి. మా అన్నయ్యకి సోమవారం నుంచి మొదలండి. 20 సిట్టింగులన్నారు. మా వీధిలో ఒకాయనకి ఇదివరకు 38 పెట్టారండి. మా అన్నయ్యకి సగమేనేంటండి, సరిపోతుందా?

డాక్టర్: సరిపోతుంది. ఇదివరకు రోజుకి 2 గ్రేల చొప్పున, గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత, ఏడెనిమిది వారాలు ఇచ్చేవాళ్లం. ఇప్పుడు రోజుకి 3 గ్రేల చొప్పున 20 రోజుల్లో 60 గ్రేలు ఇస్తున్నాం. బ్రిటన్‌లో మూడు వేల మందికి పైగా రోగుల మీద చేసిన పరిశోధన ఫలితాలు 2016లో వచ్చాయి. జబ్బు అదుపులో తేడా ఏమీ లేదు. అన్నయ్యగారికి ఒక్కటి చెప్పండి: మూత్రసంచి నిండుగా, పేగు ఖాళీగా. రోజూ ఒకేలా.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండి. తర్వాత తణుకు. హలో? రేడియో సౌండు తగ్గించండి... హలో? లైన్ పోయింది. ముమ్మిడివరం దగ్గర నుంచి ఎవరో ఉన్నారు. చెప్పండి.

ముమ్మిడివరం: ఆయ్, నమస్కారం డాక్టరుగారూ. నాకు 68 అండి. కొబ్బరితోట ఉంది, ఒక ఎకరం వరి చేను. కాకినాడలో కరెంటు పెట్టించుకుంటున్నానండి. మా అల్లుడు మొదట్లో కార్లో తీసుకెళ్లేవాడు, పాపం ఆయనకీ ఉద్యోగం ఉంది కదండీ, ఇప్పుడు బస్సులోనే వెళ్తున్నా. 20కి తొమ్మిదయ్యాయండి. మూత్రంలో మంటండి. రాత్రి నాలుగైదుసార్లు లేవడం. కొబ్బరినీళ్లు తాగొచ్చాండి? చలవ చేస్తుందని...

డాక్టర్: కొబ్బరినీళ్ల సంగతి తర్వాత. నీళ్లు ఎప్పుడు తాగుతున్నారు, అది చెప్పండి.

ముమ్మిడివరం: అదేనండి అసలు కథ. మొదట్లో వాళ్లు చెప్పారని ఇంటి దగ్గరే లీటరు తాగి బస్సెక్కానండి. ఎదుర్లంక వంతెన దాటేసరికి ప్రాణం పోయింది. యానాంలో దిగి పక్కకెళ్లొచ్చేసరికి బస్సెళ్లిపోయింది. అప్పట్నుంచి రాత్రి తొమ్మిది తర్వాత నీళ్లు ముట్టట్లేదండి. అక్కడికెళ్లాక గబగబా రెండు గ్లాసులు తాగి బల్ల మీద పడుకుంటున్నా. వాళ్లేమో స్కాన్ చూసి, తాతగారూ సంచి నిండలేదు దిగండి అంటారు. ఇంకో గంట కూర్చోబెడతారు. తాగారా అంటే... నిజం చెప్పొద్దూ, తాగానని అబద్ధం చెప్పేస్తున్నా.

డాక్టర్: ఎవరికి అబద్ధం చెబుతున్నారండీ! స్కాన్‌లో కనిపిస్తూనే ఉంటుంది కదా. ఎందుకు నిండాలో మీకు చెప్పారా?

ముమ్మిడివరం: చెప్పారేమోనండి. ఆ కంగారులో...

డాక్టర్: ప్రోస్టేట్‌కి పైన మూత్రసంచి, వెనక మలాశయం. సంచి నిండితే బెలూన్‌లా పైకి లేస్తుంది. దాంతో చాలా భాగం కిరణాలకి దూరంగా పోతుంది, చిన్నపేగుల్ని కూడా పైకి నెడుతుంది. ఖాళీగా ఉంటే ముడుచుకుని కిరణాలకి అడ్డంగా కూర్చుంటుంది. వెనకాల మలాశయంలో మలమో గ్యాసో ఉందనుకోండి, ప్రోస్టేట్‌ని కొన్ని మిల్లీమీటర్లు ముందుకి తోస్తుంది. అప్పుడు గురి తప్పినట్టే కదా. ప్లాన్ వేసిన రోజు కడుపులో ఏది ఎలా ఉందో, రోజూ అలాగే ఉండాలి. అందుకే చెబుతున్నా: మూత్రసంచి నిండుగా, పేగు ఖాళీగా.

ముమ్మిడివరం: అర్థమైందండి. మరి బస్సు?

డాక్టర్: ఇంటి దగ్గర తాగకండి. అక్కడ దిగాక ముందు మూత్రానికి వెళ్లి రండి. తర్వాత మీకెంత చెప్పారో అంత, మామూలుగా ఒక అరలీటరు ఉంటుంది, పది నిమిషాల్లో తాగేసి ముప్పావుగంట కూర్చోండి. టైము మీ సెంటర్ వాళ్లు చెప్పినట్టు. కానీ రాత్రి తొమ్మిది నుంచి ఎండబెట్టుకుని పోతే ఆ అరలీటరూ ఒంట్లోనే ఇంకిపోతుంది, సంచిదాకా దిగదు. ఎండిన చేనుకి నీళ్లు పెడితే మొదటి తడికి గట్టు దాకా పారతాయా చెప్పండి.

ముమ్మిడివరం: పారవండి.

డాక్టర్: అందుకని ముందురోజు పగలంతా మామూలుగా తాగండి. పడుకునే ముందు రెండు గంటలు మానండి, చాలు. పొద్దున కూడా కొద్దికొద్దిగా తాగొచ్చు. మంట ఉందని నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది.

ముమ్మిడివరం: మరి కొబ్బరినీళ్లు...

డాక్టర్: (నవ్వుతూ) వదలరు కదా. తాగండి. కిడ్నీ జబ్బుంటే మాత్రం మీ డాక్టర్ని అడక్కుండా వద్దు, పొటాషియం ఎక్కువ. ఈ మంట వేడి చేసి వచ్చింది కాదండీ. సంచి లోపలి పొర వాచి వచ్చింది. ఒకసారి మూత్రం పరీక్ష చేయించండి, ఇన్ఫెక్షన్ ఉందేమో తెలుస్తుంది. కాఫీ ఎన్నిసార్లు?

ముమ్మిడివరం: నాలుగు... టీతో కలిపితే ఆరండి.

డాక్టర్: ఆ ఆరుని ఒకటికి తగ్గించండి. ధార సన్నగా వస్తుంటే టామ్‌సులోసిన్ అని మాత్ర ఉంది, మీ డాక్టరు రాస్తారు. అది వేసుకున్నప్పుడు మంచం మీంచి గభాల్న లేవకండి, కళ్లు తిరుగుతాయి. రాత్రిళ్లు మీరు లేచేది ఎక్కువ కాబట్టి చెబుతున్నా. ఈ బాధలు చివరి వారాల్లో ఇంకాస్త పెరుగుతాయి, సిట్టింగులు అయిపోయాక కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, చలిజ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే హాస్పిటల్‌కి వెళ్లాలి.

ముమ్మిడివరం: అలాగేనండి. విరోచనం మూడ్రోజులకోసారండి.

డాక్టర్: చూశారా, ఇది ముందే చెప్పాల్సింది. మీ డాక్టర్ని అడిగి ఇసబ్‌గోల్ గానీ మందు గానీ తీసుకోండి. చిక్కుళ్లు, శనగలు, క్యాబేజీ, పనసపొట్టు కూర, గ్యాస్ చేసేవన్నీ సిట్టింగులు అయ్యేదాకా తగ్గించండి. నీళ్ల విరేచనాలు మొదలైతే ఇసబ్‌గోల్ అలాగే కొనసాగించాలా అని మళ్లీ అడగండి, మజ్జిగన్నం, అరటిపండు తినండి. సాయంత్రం గట్టు మీద అరగంట నడవండి. నీరసం అని పడుకుంటే నీరసం తగ్గదు, నడిస్తేనే తగ్గుతుంది.

ముమ్మిడివరం: ఇంకొకటండి. పొట్ట మీద గీతలు పెట్టారు, దురదగా ఉందని కొబ్బరినూనె రాశానండి...

డాక్టర్: అయ్యో. గీతలు చెరిగాయా?

ముమ్మిడివరం: ఒకటి కాస్త.

డాక్టర్: రేపు వెళ్లగానే చెప్పండి. మీరు మళ్లీ గీసుకోకండి. నూనెలు, పౌడర్లు, ఆకు పసర్లు ఏవీ వద్దు. లోపలికి కూడా. ఎవరైనా పొడి తెచ్చిస్తే ముందు డాక్టరుకి చూపించండి.

ముమ్మిడివరం: మా మనవడికి ఏడాదిన్నరండి. ఎత్తుకోవద్దంటున్నారు ఇంట్లో.

డాక్టర్: ఎత్తుకోండి. మిషన్ ఆపగానే కిరణాలు అయిపోయాయి. మీ ఒంట్లో ఏమీ మిగలదు.

ముమ్మిడివరం: పక్కలో పడుకోబెట్టుకున్నా?

డాక్టర్: పడుకోబెట్టుకోండి బాబూ. రేడియేషన్ గింజల్ని లోపలే వదిలేసే పద్ధతి వేరే ఉంది, దానికి జాగ్రత్తలున్నాయి. మీది అది కాదు.

ముమ్మిడివరం: వచ్చే వారం మనవరాలి ఓణీల ఫంక్షనండి. గురువారం, శుక్రవారం రెండ్రోజులు మానొచ్చా?

డాక్టర్: మానొద్దు. మధ్యలో మానొద్దు. మందు డోసు మానేసినట్టే అది. శని, ఆదివారాలు ఎలాగూ సెలవు కదా, ఫంక్షన్ ఆదివారం పెట్టుకోండి.

ముమ్మిడివరం: ముహూర్తం పెట్టేశారండి... సరే, మాట్లాడతాను. కొబ్బరినీళ్లు రోజుకి ఎన్ని...

వ్యాఖ్యాత: ధన్యవాదాలండి, చాలామంది లైన్లో ఉన్నారు. భీమవరం నుంచి ఒక అమ్మగారు.

భీమవరం: డాక్టరుగారూ, మావారికి కరెంటు అయిపోయి 14 నెలలైందండి. బాగానే ఉన్నారు. నెల్రోజుల్నుంచి విరేచనంలో రక్తం చారలు పడుతున్నాయి. ఇక్కడ చూపిస్తే మొలలు, గురువారం ఆపరేషన్ చేసేద్దాం అన్నారు.

డాక్టర్: కరెంటు పెట్టిన సంగతి వాళ్లకి చెప్పారా అమ్మా?

భీమవరం: వాళ్లు అడగలేదండి.

డాక్టర్: వాళ్లు అడక్కపోయినా మీరు చెప్పాలమ్మా. గురువారం ఆపరేషన్ ప్రస్తుతానికి ఆపండి. మొలలే కావచ్చు. రేడియేషన్ వల్ల మలాశయం లోపల సన్నటి రక్తనాళాలు పెరిగి కారుతుండొచ్చు, అది నెలల తర్వాత, ఏడాది రెండేళ్లకి కూడా వస్తుంది. వేరే జబ్బు కూడా కావచ్చు, అందుకే చూడకుండా వదిలేయకూడదు. గ్యాస్ట్రో డాక్టరు దగ్గర గొట్టం పరీక్ష చేయించండి. చేసేముందు, ప్రోస్టేట్‌కి రేడియేషన్ అయింది అని పాత కాగితాలు చూపించండి. మలాశయం ముందు గోడ నుంచి ముక్క తీయాలంటే మమ్మల్ని అడక్కుండా తీయొద్దని చెప్పండి. కరెంటు తగిలిన చోట పుండు పడితే త్వరగా మానదు, రంధ్రం పడిన సందర్భాలూ ఉన్నాయి.

భీమవరం: అమ్మో. స్టెంట్ వేశారని రక్తం పలచబడే మాత్రలు కూడా వాడుతున్నారండి. ఆపేయమంటారా?

డాక్టర్: మీ అంతట మీరు ఆపొద్దు. గుండె డాక్టర్ని అడగండి. టెన్షన్ పడకండమ్మా, చాలామందికి కాస్త కాస్త పడి దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోతే సుక్రాల్‌ఫేట్ ఎనిమా ఉంది, ఆర్గాన్ గ్యాస్‌తో కారే చోట మాడ్చే పద్ధతి ఉంది. హిమోగ్లోబిన్ చూపించండి. గడ్డలు గడ్డలుగా పడినా, కళ్లు తిరిగినా మాత్రం వెంటనే వెళ్లాలి.

భీమవరం: సరేనండి. ఇప్పుడే ఫోన్ చేసి గురువారం రావట్లేదని చెప్పేస్తా.

వ్యాఖ్యాత: రావులపాలెం.

రావులపాలెం: సార్, పేరు చెప్పలేను. 59 ఏళ్లు. కాస్త... ఇంటి విషయం. ఆరు నెలలైంది రేడియేషన్ అయ్యి. ఇంజెక్షన్లు కూడా నడుస్తున్నాయి. ఆ... కోరికే లేదండి.

డాక్టర్: మొహమాటపడకండి, మీలాంటివాళ్లు చాలామంది ఉన్నారు, అడగరు అంతే. కోరిక పోవడం హార్మోన్ ఇంజెక్షన్ వల్ల. కోర్సు ఆపాక నెమ్మదిగా వెనక్కి రావచ్చు. రేడియేషన్ ప్రభావం వేరే, అంగస్తంభన ఏడాది రెండేళ్లలో మెల్లగా తగ్గొచ్చు. దానికి మాత్రలున్నాయి. గుండెకి మందులేమైనా వాడుతున్నారా?

రావులపాలెం: ఛాతీ నొప్పొస్తే నాలిక కింద పెట్టుకునేది ఒకటుందండి.

డాక్టర్: సార్బిట్రేట్ అయ్యుంటుంది. అయితే మెడికల్ షాపులో అడిగి సిల్డెనాఫిల్ లాంటిది కొనుక్కోకండి. రెండూ కలిస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. వేరే మార్గాలున్నాయి, మీవారిని కూడా తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. అదే, మీ ఆవిడని.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోన్, నరసాపురం. త్వరగా అండి.

నరసాపురం: రేడియేషన్ నడుస్తుండగా పులస తినొచ్చాండి?

డాక్టర్: దొరికితే తినండి! పులుసులో కారం తగ్గించండి, అంతే. ఆ ముమ్మిడివరం ఆయన వింటుంటే ఒక్కమాట. రేపు వెళ్లగానే నీళ్ల సంగతి, నూనె సంగతి ఆ బల్ల దగ్గర పనిచేసే పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పేయండి. తిట్టరు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు డాక్టరుగారూ. వార్తల సమయం అయింది.