దత్తత బిడ్డకి పేరు మార్చాలా, ఉన్నదే ఉంచాలా?

నమస్తే అండి. దత్తతకిచ్చే పసిపిల్లల్ని ఉంచే శిశుగృహ నుంచి బిడ్డ ఇంటికొచ్చిందంటే అమలాపురంలో అయినా పాలకొల్లులో అయినా చుట్టాలు అడిగే మొదటి మాట "ఏం పేరు పెడతన్నారండి?" అనే. అప్పటికే ఆ బిడ్డకి ఒక పేరుందని ఎవరికీ తట్టదు. నాకు బాధేసేది అక్కడే.

పిల్లలు అయిదో నెల వచ్చేసరికే తమ పేరు గుర్తుపడతారండి, అర్థం తెలిసి కాదు, ఆ పిలుపు రోజూ వినీ వినీ. రెండేళ్ళ పాపకి ఇల్లు మారింది, మనుషులు మారారు, తినే అన్నం కూర రుచి కూడా మారింది, తనతోపాటు తెచ్చుకున్నదేదైనా ఉందంటే ఆ పేరొక్కటే, దాన్ని కూడా వచ్చిన రోజే తీసేస్తే ఎలాగండి?

అలాగని అసలు మార్చకూడదని నేననట్లేదు. మరీ నెలల పసిబిడ్డ అయితే పెద్దగా ఇబ్బందుండదు, ఇంట్లో ఇంకో బిడ్డకి అదే పేరున్నా, ఆ పేరు వల్ల బిడ్డకి ఏదైనా ప్రమాదముందన్నా మార్చుకోండి. మూడేళ్ళు దాటితే మాత్రం బిడ్డని అడక్కుండా చెయ్యొద్దు. దత్తత అని ఊళ్ళో తెలీకూడదని మారుద్దామంటే అస్సలొద్దు, మన ఊళ్ళల్లో అది దాగదు, బిడ్డకి ఎవరో చెప్పేకంటే మీరు చెప్పడమే మేలు.

ఇక నక్షత్రం. పుట్టిన టైం తెలీదు కదా, ఏ అక్షరంతో పెట్టాలి అని పెద్దవాళ్ళు పట్టుపడతారు. పంతులుగారిని అడగండి, జన్మనక్షత్రం తెలీనివాళ్ళకి పేరులో మొదటి అక్షరాన్ని బట్టి నామనక్షత్రం చూస్తారు, అంటే బిడ్డకి ఇప్పుడున్న పేరుతోనే అది దొరికేస్తుంది. బారసాల హాయిగా చేసుకోండి, పళ్ళెంలో బియ్యం పోసి పాత పేరు, కొత్త పేరు రెండూ రాయండి.

మనకి బళ్ళో ఒక పేరు, ఇంట్లో బుజ్జి అనో చిట్టి అనో ఇంకోటి ఎలాగూ ఉంటాయి కదా, అదే పద్ధతి. పాప దుర్గ అంటే పలుకుతుంది, మీరు హన్విక అనుకున్నారు, హన్విక దుర్గ అని పెట్టండి, కొన్నాళ్ళు రెండూ కలిపే పిలవండి. "నీ పేరు అది కాదు" అని మాత్రం ఎవర్నీ అననివ్వొద్దు, మామ్మగారినైనా సరే.

కాగితాల సంగతి చెప్తాను. జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తతకి 2022 సెప్టెంబర్ నుంచి ఆర్డర్ ఇచ్చేది కోర్టు కాదండి, జిల్లా కలెక్టర్ గారు. అక్కడికి అప్లికేషన్ వెళ్ళకముందే ఏ పేరు కావాలో బిడ్డని దత్తతిచ్చే ఏజెన్సీ వాళ్ళకి ఇంగ్లీషు స్పెల్లింగుతో సహా రాసిచ్చెయ్యండి. ఆ ఆర్డర్ మీదే మిమ్మల్ని తల్లిదండ్రులుగా చూపించి బర్త్ సర్టిఫికెట్ వస్తుంది, ఆధార్ ఆ తర్వాత చేయించండి, ఎందుకంటే ఆధార్‌లో పేరు మార్చుకోడానికి రెండుసార్లే ఛాన్స్. హిందూ దత్తత చట్టం కింద చుట్టాల బిడ్డని తెచ్చుకుంటే రిజిస్టర్ చేసే దత్తత పత్రంలోనే రెండు పేర్లూ రాయించుకోండి. పాత పేరున్న టీకాల కార్డు, మెడికల్ రిపోర్టులు పారెయ్యకండి, ఆసుపత్రిలో అడుగుతారు, పెద్దయ్యాక బిడ్డా అడుగుతుంది.