మొదట ఇంటి భాషలో

విచారణ గురువులకు, సిస్టర్లకు, ఆదివారం తరగతులు నడిపే టీచర్లకు, పూజ అయ్యాక ఇళ్లకు వెళ్లిపోకుండా కూర్చున్న అమ్మానాన్నలకు, అమ్మమ్మలకు, తాతయ్యలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాల్సిన కృతజ్ఞతలు కార్యదర్శి గారు చెప్పేశారు కాబట్టి నేను నేరుగా విషయానికి వస్తాను.

చిన్నపిల్లలకు ఇంట్లో ఫ్రెంచి, జర్మన్ లాంటి భాషలు ఎలా మొదలుపెట్టాలో చెప్పమని నన్ను పిలిచారు. నా ఉద్యోగమంతా ఫ్రెంచి చెప్పడంలోనే గడిచింది. ఆ సంగతి తప్పకుండా చెబుతాను. కానీ ముందు సత్యోపదేశం గురించి, అంటే పిల్లలకు ప్రశ్నలు, జవాబులుగా చెప్పే మన మత పాఠాల గురించి మాట్లాడనివ్వండి. మన ఇళ్లలో ఈ రెండు చదువులూ ఒకే కారణం వల్ల దెబ్బతింటున్నాయి. పిల్లలకు తెలియని సంగతిని తెలియని భాషలో నేర్పుతున్నాం.

మన మద్రాసు పెరంబూరు లూర్దుమాత గుడికి వెళ్లనివాళ్లు ఈ హాల్లో ఎవరూ ఉండరనుకుంటాను. ఫిబ్రవరి 11న పండక్కి వెళ్తాం, కొవ్వొత్తి వెలిగిస్తాం, బిడ్డల చదువు కోసం మొక్కుకుంటాం. ఆ తల్లి దర్శనం పొందిన బెర్నదెత్ చదువు ఎలా సాగిందో మాత్రం మనం పిల్లలకు చెప్పం.

బెర్నదెత్ ఫ్రాన్సులోని లూర్దు అనే ఊళ్లో 1844లో పుట్టింది. తండ్రి పిండిమిల్లు నడిపేవాడు. మిల్లు పోయి, కుటుంబం చితికిపోయి, చివరికి వాడకం మానేసిన పాత జైలు గదిలో కాపురం పెట్టారు. 1857లో ఈ పిల్లను బార్ట్రెస్ అనే పల్లెకు పంపారు. పసితనంలో తనకు పాలిచ్చిన ఆమె ఇంట్లో ఉంటూ గొర్రెలు కాయాలి. రాత్రిపూట ఆ ఇల్లాలు సత్యోపదేశం పుస్తకం తీసి వల్లె వేయించేది. పుస్తకం ఫ్రెంచిలో ఉంది. పిల్లకు వచ్చింది ఆ కొండ ప్రాంతంలో జనం మాట్లాడుకునే గాస్కన్. ఎన్నిసార్లు చెప్పినా ఆ వాక్యాలు నోటికి రాలేదు. ఆమె విసుక్కునేది, నీకు ఏదీ రాదని తిట్టేది. పద్నాలుగేళ్లు వచ్చినా ప్రథమ దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో మొదటిసారి పుచ్చుకునే పవిత్రమైన అప్పం, అందలేదు. అందుకే 1858 జనవరిలో ఆ పిల్ల తిరిగి లూర్దుకు వచ్చేసింది, తరగతులకు వెళ్లి ఎలాగైనా సత్ప్రసాదం పుచ్చుకోవాలని.

తర్వాతది మీకు తెలుసు. ఫిబ్రవరి 11న పుల్లలు ఏరుకోవడానికి వెళ్లడం, మసబియేల్ గుహ, మొత్తం పద్దెనిమిది దర్శనాలు. మార్చి 25న పేరు అడిగితే ఆ తల్లి జవాబు చెప్పింది. ఏ భాషలో చెప్పింది? ఫ్రెంచిలో కాదు. పుస్తకాల్లో, బడిలో, సర్కారు కచేరీలో ఎక్కడా విలువలేని ఆ గాస్కన్‌లో చెప్పింది. "నేను అమలోద్భవిని", అంటే జన్మపాపం అంటకుండా రూపుదాల్చినదాన్ని, అన్న మాటకు అర్థం తెలియక, మరిచిపోతానేమోనని దారంతా అదే అనుకుంటూ వెళ్లి బెర్నదెత్ ఆ ఊరి విచారణ గురువు ఫాదర్ పేరమాల్ గారికి చెప్పింది. ఆ జూన్ 3న ఆమెకు ప్రథమ సత్ప్రసాదం దొరికింది. 1933లో మన కతోలిక శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

అమ్మలారా, ఒక్క నిమిషం ఆలోచించండి. దేవుని తల్లికి ఆ పిల్ల ఇంటి భాష సరిపోయింది. మనకు ఎందుకు సరిపోవడం లేదు?

నాకు ఈ బాధ ఎందుకో చెబుతాను. మా వీధిలో ఒక బాబు ఉన్నాడు. నాయనమ్మ పక్కన కూర్చుని రోజూ జపమాల చెప్పేవాడు. పరలోక జపం, మంగళవార్త, విశ్వాస సంగ్రహం అన్నీ తెలుగులో గడగడా చెప్పగలడు. ప్రథమ సత్ప్రసాదానికి ముందు నోటి పరీక్ష పెట్టారు. ఏ గుడిలో, ఎవరు పెట్టారు అన్నది చెప్పను. దివ్యసత్ప్రసాదం అంటే ఏమిటని అడిగారు. "చూడ్డానికి అప్పంలాగే ఉంటుంది, కానీ అందులో యేసు ప్రభువు ఉన్నారు" అన్నాడు. ఇంగ్లీషులో చెప్పమన్నారు. వాడు తల దించుకుని నిలబడిపోయాడు. మరుసటి ఏడాది రమ్మని పంపేశారు. తోటిపిల్లలు తెల్లబట్టల్లో వరసగా నడుస్తుంటే వాడు నాయనమ్మ పక్కన బెంచీ మీద కూర్చుని చూశాడు.

పదవ పయస్ పోపు గారు 1910లో ఇచ్చిన ఆజ్ఞ ఏం చెబుతోంది? సుమారు ఏడేళ్లకు, తెలివి వచ్చిన బిడ్డ, మామూలు రొట్టెకూ సత్ప్రసాదానికీ తేడా తెలిసిన బిడ్డ, ఆ వయసుకు తగినంత తెలుసుకుంటే చాలు. సంపూర్ణ జ్ఞానం అక్కర్లేదు అని స్పష్టంగా ఉంది. ఆ బాబు జవాబులో ఇంకేం లోపం ఉందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇదే ఊళ్లో, ఇదే మద్రాసులో, 1726లో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. ఆయన లూథరన్, మన సభ కాదు. అయినా చెప్పాల్సిన మాట చెప్పాలి. ఇంటికి తిరిగి వెళ్లాక, 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకాల్లో పిల్లల ప్రశ్నోత్తరాల సత్యోపదేశం ఒకటి. తమిళంలోనూ అంతే, 1578లో కొల్లంలో అచ్చయింది సత్యోపదేశమే. పరదేశం నుంచి వచ్చినవాళ్లు మన భాష నేర్చుకుని మరీ మన పిల్లలకు చెప్పాలనుకున్నారు. మనం మన పిల్లలతో ఇంగ్లీషులో మొదలుపెడుతున్నాం.

మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, ఒప్పుకుంటాను. 2006 చట్టం తర్వాత తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది, తెలుగు చదువుకు చోటు తగ్గింది. తమిళం రావాలి, ఈ ఊళ్లో బతికేవాళ్లకు అది రావాల్సిందే. తెలుగు ప్రార్థన పుస్తకం మాత్రం వాళ్ల చేతిలో మూగగా ఉండిపోతోంది. అందుకే నోటితో చెప్పాలి. రెండేళ్ల బిడ్డకు చెయ్యి పట్టుకుని సిలువ గురుతు వేయించండి. మూడేళ్లకు మంగళవార్త మీ నోట వినీ వినీ అదే వస్తుంది. అన్నం తినేటప్పుడు ఒక్క ప్రశ్న వేయండి, ఒక్కటి చాలు. మనల్ని ఎవరు చేశారు? ఎందుకు చేశారు? బిడ్డ తన మాటల్లో చెప్పనివ్వండి. తప్పు దిద్దడానికి తొందరపడకండి. వెనకాల నిలబడ్డ నాన్నలకు కూడా చెబుతున్నాను, ఇది అమ్మ ఒక్కతే చేయాల్సిన పని కాదు. తల్లిదండ్రులే మొదటి గురువులని 1965లో రెండవ వాటికన్ మహాసభ చెప్పింది.

ఇప్పుడు ఫ్రెంచి. నాలుగేళ్ల బిడ్డను శని ఆదివారాలు రెండేసి గంటలు క్లాసులో కూర్చోబెట్టి, ఫీజు కట్టి, ఇంటికొచ్చాక టెన్షన్ పడకండి. ఈ వయసులో పదునుగా ఉండేది చెవి. ముక్కుతో పలికే ఆ ఫ్రెంచి శబ్దాలు పెద్దయ్యాక నేర్పాలంటే నా ప్రాణం పోయేది. పసివాళ్లు విన్నది విన్నట్టు అనేస్తారు. రోజూ పది నిమిషాలు వినిపించండి, పుస్తకం తెరవకండి. డిసెంబరులో పశువులపాక కడతారు కదా, ఒక్కో బొమ్మ పెట్టేటప్పుడు దాని పేరు ఫ్రెంచిలో అనండి. గాడిద ఆన్, నక్షత్రం ఎత్వాల్, గొర్రెలకాపరి బెర్జే. పాక విప్పేనాటికి అన్నీ వచ్చేస్తాయి.

మాకే ఫ్రెంచి రాదు, ఎలా అంటారా? లూర్దు గుహ దగ్గర రోజూ మధ్యాహ్నం మూడున్నరకు ఫ్రెంచిలో జపమాల చెబుతారు, అది ప్రసారమవుతుంది. మనకు వేసవిలో రాత్రి 7, చలికాలంలో 8. నిదానంగా, ఒకే జపం, మంగళవార్త, యాభైసార్లకు పైగా వస్తుంది. తెలుగులో మంగళవార్త హృదయంలో ఉన్న బిడ్డకు అక్కడ ఏం చెబుతున్నారో ముందే తెలుసు. అర్థం వెతుక్కునే పని లేదు, శబ్దం ఒక్కటే కొత్త. భాష నేర్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి నా సర్వీసులో నాకు దొరకలేదు. తెలుగులో ఆ జపం రాని బిడ్డకు మాత్రం అదే ప్రసారం ఒట్టి రొద. ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చాక అక్షరాలు, వ్యాకరణం చెప్పండి, వీలున్నవాళ్లు ఫ్రెంచి నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో చేర్చండి, అది 1953 నుంచి ఈ ఊళ్లోనే ఉంది. ఒక్కటి మాత్రం వద్దు. బిడ్డ ప్రార్థిస్తుండగా మధ్యలో ఆపి ఉచ్చారణ దిద్దకండి. అప్పుడు అది దేవునితో మాట్లాడే సమయం, క్లాసు కాదు.

టైము అయిందని చీటీ పంపారు. ముగిస్తున్నాను. ఫాదర్ గారూ, మీ ముందే, ఇంతమంది ముందు అడుగుతున్నాను. ఈ ఏడాది నోటి పరీక్షకు వచ్చే పిల్లలు తెలుగులో గానీ తమిళంలో గానీ ఇంగ్లీషులో గానీ, ఏ భాషలో వస్తే ఆ భాషలో జవాబు చెప్పవచ్చని వచ్చే ఆదివారం పూజలో ప్రకటించండి. తెలుగులో చెప్పేవాళ్లవి వినడానికి మనిషి కావాలంటే నేను వచ్చి కూర్చుంటాను.