బెల్టు సరే, హుక్కు ఎక్కడ?

శ్రోతలకు నమస్కారం.

మన విశాఖలో మధురవాడ, కొమ్మాది, పెందుర్తి ఏ వైపు వెళ్లినా నాలుగైదు అంతస్తుల అపార్టుమెంట్లు కడుతూనే ఉన్నారు. వాటి మీద పనిచేసే సెంట్రింగ్, తాపీ, రంగుల పనివాళ్లూ, వాళ్లను పనికి పెట్టిన మేస్త్రీలూ ఒక లెక్క వినాలి.

సేఫ్టీ బెల్టు హుక్కును పాదాల దగ్గర తగిలించారనుకోండి. మనిషి జారితే రెండు మీటర్ల తాడు పూర్తిగా సాగాలి. ఆపైన, కుదుపును తగ్గించడానికి తాడుకుండే షాక్ అబ్జార్బర్ గరిష్ఠంగా 1.75 మీటర్లు విప్పుకుంటుంది. వీపు మీది రింగు నుంచి పాదాల దాకా మీటరున్నర. వెసులుబాటుకు ఇంకో మీటరు. మొత్తం 6.25 మీటర్లు కింద ఖాళీ ఉండాలి. మొదటి అంతస్తు శ్లాబు నేలకు మూడు మీటర్లే కదా! తాడు పట్టుకునేలోపే మనిషి నేలను తాకుతాడు. అందుకే హుక్కు తలకు పైన ఉండాలి. పొడుచుకొచ్చిన కాలమ్ చువ్వకు తగిలిస్తే కొస నుంచి ఊడొస్తుంది. పరంజా పైపుకు తగిలిస్తే పరంజా కూడా మీద పడొచ్చు. గట్టిపడిన బీముకు స్లింగు, అంటే బరువు ఆపే గట్టి పట్టీ, చుట్టి దానికే తగిలించండి. నడుముకు మాత్రమే కట్టే పాత బెల్టు వద్దే వద్దు. భుజాలకు, తొడలకు పట్టీలున్నదే వాడండి.

అయినా బెల్టు కంటే ముందు రావలసింది అంచుకు అడ్డు. మీటరు ఎత్తున ఒక పైపు, మధ్యలో మరొకటి, అడుగున 15 సెంటీమీటర్ల పలక. మేస్త్రీ గారూ, ఈ ఖర్చు దగ్గర వెనకాడకండి.

లిఫ్టు గుంతల మీద ప్లైవుడ్ ఊరికే పరిచి వదిలేస్తారు. ఆ షీటు పనికొస్తుందని ఎవరో రెండు చేతులా ఎత్తుకుని ఒక అడుగు ముందుకేస్తారు. షీటు కళ్లకు అడ్డం, పాదం కింద గుంత. మేకులు కొట్టి, పైన ‘కింద గుంత ఉంది’ అని పెద్దగా రాయండి.

మన సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. హుక్కు స్ప్రింగు, పరంజా క్లాంపులు రోజూ పని మొదలుపెట్టే ముందు చూడండి. సర్వి కర్రల పరంజా అయితే వాన వెలిశాక ప్రతి కట్టునూ లాగి చూడాలి. తుపాను గాలి వీచిన మర్నాడు పరీక్షించకుండా ఎవరినీ ఎక్కనివ్వకండి.

ఇంకొకటి. బెల్టుకు వేలాడుతున్న మనిషికి తొడల పట్టీలు బిగిసి, కాళ్లలో రక్తం నిలిచిపోయి నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. 108 వచ్చేదాకా ఆగలేం. ఫోను చేస్తూనే దింపాలి. ఏ నిచ్చెనతో దింపాలి, ఎవరు దింపాలి అన్నది పొద్దున్నే, పని మొదలవకముందే తేల్చుకోండి.